పాపాయమ్మ నేర్పిన తెలుగు

"రండి బాబుగారూ, వేడివేడిగా ఉన్నాయండి," అంటూ పాపాయమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసింది. కాలవల ఆఫీసు గుమాస్తా మురళీకృష్ణ బల్ల మీద కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది, గొంతు కూడా తిరిగింది. "ఒసేయ్! చట్నీ తెచ్చి చావు!"

కోడలు నిల్మిణి తలుపు చాటు నుంచే గిన్నె అందించి లోపలికి వెళ్ళిపోయింది.

పాపాయమ్మ పొట్టి మనిషి, గట్టి మనిషి. ముంజేతుల నిండా ఆవిరి మచ్చలు. మొగుడు పోయాక ధవళేశ్వరంలో ఇంటిముందే పొయ్యి పెట్టి కొడుకును పెంచింది. ఆమె కూర్చునే వేపచెక్క పీట నడుమ గుంట పడింది. ఆ పీట మీద ఇంకెవరినీ కూర్చోనివ్వదు.

కొడుకు ఆరోన్ కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు, అక్కడే పనిచేస్తున్న ఈ సింహళం పిల్లను చర్చిలో పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. తణుకులో చూసుంచిన సంబంధం వాళ్ళ ముందు పాపాయమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇరుగుపొరుగు "ఏ ఊరమ్మాయండీ?" అంటే "లంకండి" అనేసి ఊరుకుంది. గోదావరిలో లంకలకేం కొదవ? ఏదో ఏటి మధ్య ఊరనుకుని ఎవరూ మళ్ళీ అడగలేదు. నోరు విప్పితే గుట్టు బయటపడుతుందని కోడలిని వీధిలోకి రానివ్వలేదు. మొగుడూ పెళ్ళాలు కువైట్‌లో నేర్చిన హిందీలోనే మాట్లాడుకుంటారు. ఆ పిల్లకు వచ్చిన తెలుగంతా పాపాయమ్మ వంటింట్లోకి విసిరిందే.

ఇవాళ నిల్మిణి పౌరసత్వం గురించి విచారణకు కలెక్టరేటు నుంచి మేడం వస్తుంది. ప్రశ్నలు అడుగుతారో లేదో ఎవరికీ తెలియదు. అయినా ఆరోన్ ఆరో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం తెచ్చి చదివి వినిపించాడు. నిల్మిణి పిండి రుబ్బుతూ వల్లె వేస్తోంది. "జెండా చక్రానికి ఇరవై నాలుగు ఆకులు. ఓటుకి పద్దెనిమిదేళ్ళు."

వింటున్న పాపాయమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ అనుకుంది. దీన్ని కాదని పంపేస్తే, దీని వెంట కొడుకూ పోతాడు.

మేడం వచ్చేసరికి పాపాయమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. ఆరోన్ ఆటో కిరాయికి వెళ్ళాడు. నిల్మిణి కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మొదటిసారి వీధి గుమ్మంలోకి వచ్చి, చేతులు జోడించి ఎంతో మర్యాదగా అంది:

"లోపలికొచ్చి తగలడండి మేడం."

మురళీకృష్ణ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఆగిపోయింది. నిల్మిణి కుర్చీ తుడిచింది. "కూర్చుని ఏడవండి. టీ తాగి చావండి."

మేడం ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అక్కడ వెక్కిరింత లేదు, పొగరు లేదు. అతిథి వచ్చిన సంతోషం ఒక్కటే ఉంది. మేడం నెమ్మదిగా కూర్చుని జెండా గురించీ, ఓటు గురించీ అడిగింది. నిల్మిణి అన్నీ తడుముకోకుండా చెప్పింది.

"చట్టం ముందు అందరూ సమానులేనా అమ్మా?"

"సమానులే అండి. రాజ్యాంగం చెప్పి ఏడ్చింది."

"తెలుగు ఎవరు నేర్పారు?"

నిల్మిణి ముఖం వెలిగిపోయింది. "మా అత్తండి!"

మేడం పాపాయమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. పాపాయమ్మ సిగ్గుతో చితికిపోయింది. లంక గుట్టు బయటపడినందుకు కాదు. తన నోరు ఎలాంటిదో కోడలి నోట విన్నందుకు.

"భాష వచ్చనే రాస్తానండి," అంది మేడం లేస్తూ. "మాటలకి అర్థాలు కూడా చెప్పండి పాపాయమ్మగారూ."

మధ్యాహ్నం పాపాయమ్మ తనే అన్నం పెట్టి, బొమ్మిడాయల పులుసు పోసి, తన పీట కోడలి ముందుకు జరిపింది. "కూర్చోండమ్మా. తినండి."

నిల్మిణి ముఖం పాలిపోయింది. "నన్ను పంపేస్తున్నావా అత్తా?"

"ఎవరన్నారమ్మా అలాగ?"

"ఇడ్లీ కొనేవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు."

పాపాయమ్మ నోరు తెరిచింది. చావంటే ఏంటో, తగలడటమంటే ఏంటో చెప్పాలి. చెబితే ఇన్నేళ్ళూ తనేమందో ఒప్పుకున్నట్టే. కొత్త కోడలిగా ఇవే మాటలు పడి పెరట్లో ఏడ్చిన తనకు వాటి బరువు తెలియక కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

"పంపడం లేదే," అంది నేల చూస్తూ. "తిని చావు."

నిల్మిణి హమ్మయ్య అనుకుని నవ్వి, ఎప్పటిలాగే నేల మీద కూర్చుని తింది. పాపాయమ్మ పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. రేపు చెబుదాం అనుకుంది. ఆ మర్నాడూ అలాగే అనుకుంది.

ఆ ఏడు వానలకు పాపాయమ్మకు జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందన్నారు డాక్టర్లు. ఒక ఆదివారం చర్చి గంట కొట్టే వేళకు పాపాయమ్మ పోయింది. చూడటానికి వచ్చిన వాళ్ళకు నిల్మిణి గుమ్మంలో చేతులు జోడించి, కళ్ళు కారుతుండగా "వచ్చి తగలడండి" అంటూనే ఉంది. ఆరోన్ తల వంచుకున్నాడు. ఆ రోజు ఎవరూ ఆమె మాట దిద్దలేదు.

పౌరసత్వం కాగితం తర్వాత వచ్చింది. ఇప్పుడు ఇడ్లీలు నిల్మిణే వేస్తోంది. తెల్లారగానే తడిగుడ్డతో పీట తుడిచి, పొయ్యి ముందు వేసి, "కూర్చుని ఏడువు అత్తా," అని మెల్లగా పిలిచి, తను పక్కన నేల మీద కూర్చుంటుంది. పీట నడిమి గుంటలో తడి ఆరేదాకా కాస్సేపు మెరుస్తూ ఉంటుంది.