ఆగాం, తిన్నాం, ఎక్కాం

అచ్చుతప్పులు పట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ ఊళ్ళో లేడు. ప్రెస్సులో అందరూ ప్రూఫులాయన అనే పిలిచేవారు. శుభలేఖ అయినా పాఠ్యపుస్తకమైనా సరే, దీర్ఘం తప్పినా ఒత్తు జారినా ఆయన కంట పడకుండా పోయేది కాదు. అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ప్రెస్సు దాటి బయటికొచ్చాక కూడా ఆయన చెవులు ఆ పని మానేవి కావు. కూరగాయల బండివాడి కేకలో కూడా తప్పులు దిద్దేవాడు. ఇక ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు.

భార్య బడి వ్యాను నడిపేది. ఏళ్ళ తరబడి అవే వీధులు, అవే మలుపులు, వెనక పిల్లల గోల. సెలవుల్లో ఇద్దరం కారేసుకుని సరస్సులూ కొండలూ పాత కోటా చూసొద్దామని ఆవిడ ప్రతి ఏడూ అడిగేది. "వచ్చే ఏడు తప్పకుండా" అని ఆయన ప్రతి ఏడూ మాటిచ్చేవాడు. ఈసారి సామాన్లు కూడా సర్దుకున్నాక ఓ లావుపాటి నిఘంటువు ప్రూఫులు వచ్చిపడ్డాయి. "పోనీ నువ్వెళ్ళిరా" అన్నాడు మహానుభావుడు, ఏదో వరమిస్తున్నట్టు. ఎప్పట్లాగే నిట్టూర్చి సూట్‌కేసు విప్పేస్తుందిలే అనుకున్నాడు. ఆవిడ విప్పలేదు. రోజూ సాయంత్రం ఫోను చేస్తానని మాటిచ్చి, కారు తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోను వచ్చింది.

"ఇప్పుడే సరస్సు దగ్గర ఆగామండీ. ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచొచ్చిందనుకోండి! ఇంతకుముందే బ్రెడ్డూ ఆమ్లెట్టూ తిన్నాం."

ఆయన చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఆగామా? తిన్నామా? ఒక్కతే వెళ్ళిన మనిషి ఆగాను అనాలి, తిన్నాను అనాలి. కర్త ఒక్కరే అయినప్పుడు క్రియకి బహువచనం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఏదో నోరు జారిందిలే అని సరిపెట్టుకోబోయాడు. కానీ నోరు జారినప్పుడే కదా అసలు సంగతి బయటపడేది! ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు.

మర్నాడు "కొండ ఎక్కాం" అంది. ఎవరితో ఎక్కావని అడిగేస్తే పోయేది. అనుమానం పట్టినవాడు సూటిగా అడిగితే ఇంకేం! గొంతు సవరించుకుని, "దారిలో తోడెవరైనా దొరికారా ఏమిటి?" అన్నాడు, మాటవరసకి అడిగినట్టు.

ఆవిడ కిలకిలా నవ్వింది. "తోడుకేం తక్కువ? ఉన్నారుగా!"

అంతే, లైను తెగిపోయింది. కొండల్లో సిగ్నల్ ఉండదు పాపం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అయినా కావాలనే పెట్టేసిందనుకున్నాడు.

ఉన్నారుగా! ఎవరున్నారు? కర్త ఏదీ? పైగా గౌరవం ఒకటి, అంటే ఎవడో పెద్దమనిషే! నిఘంటువుని 'చ' దగ్గరే వదిలేసి, తెల్లారగానే బావమరిది ఇంటికి పరిగెత్తాడు.

"ఓ నాలుగు రోజులు నీ స్కూటర్ కావాలోయ్."

"ఎక్కడికి బావగారూ?"

"పని మీద."

"ప్రెస్సు దాటి మీకు పనేంటండీ? అక్కయ్య అటు వెళ్ళగానే మీరిటు చెక్కేస్తున్నారన్నమాట! అక్కయ్య అడిగితే నాకేం తెలీదు బాబూ." నవ్వుతూనే తాళం చేతిలో పెట్టాడు. ఆ నవ్వు చూసి, వీడికి కూడా తెలిసే ఉంటుందనుకున్నాడు ఆయన.

ఎక్కడెక్కడ ఆగాలో ఆవిడ ఏటా ఏకరువు పెట్టిందే కాబట్టి దారి వెతుక్కోనక్కర్లేదు. మొదట సరస్సు. ఎండలో వెండిపళ్ళెంలా మెరుస్తోందది. చూస్తేగా! తిన్నగా కాలితో తొక్కే పడవలు అద్దెకిచ్చేవాడి దగ్గరికి వెళ్ళి గుర్తులు చెప్పాడు.

"ఆవిడా? ఎందుకు గుర్తులేదండీ, ఇద్దరు తొక్కే పడవ తీసుకున్నారు. నేనేమో..."

ఇద్దరు! వాడు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, ఈయన స్కూటర్ స్టార్ట్ చేసేశాడు. ఒక్కరే తొక్కితే ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుందమ్మా అని తను ఎంత చెప్పినా వినలేదనీ, అలాగే తిరిగి తిరిగి నవ్వుకుంటూ దిగిందనీ ఆ పడవలవాడు చెప్పబోయాడు. ఎవరికి కావాలి!

కొండదారిలో వాన పట్టుకుంది. నడుం పట్టేసింది, పళ్ళు టకటకలాడాయి. పైన టీకొట్టులో ఓ ముసలావిడ ఉంది.

"అవును, రెండు టీలు అడిగింది."

"రెండోది ఎవరు తాగారు?"

"గ్లాసులివ్వడం నా పని నాయనా, ఎవరు తాగారో కాపలా కాయడం కాదు. నువ్వు తాగుతావా, వెళ్తావా?"

తాగకుండానే వెళ్ళాడు. ఆకలి తెలియలేదు, లోయలు కనపడలేదు. బయలుదేరేముందు ఇంట్లో మూలనున్న చేతికర్ర కూడా తెచ్చుకుంటే బాగుండేదనిపించింది. పూచికపుల్ల ఎత్తి ఎరగని మనిషి, కర్రట!

కోట గోడ కింద కారు కనపడింది. అద్దంలోంచి తొంగిచూశాడు. డ్రైవరు పక్క సీటు వెనక్కి వాల్చి ఉంది. అంటే ఎవడో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడన్నమాట. సీటు మీద మగవాళ్ళ స్వెటర్. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. బూడిదరంగు, మోచేతి దగ్గర నల్ల ఊలుతో మాట్లు. తనదే! నా స్వెటర్ తీసుకెళ్ళి వాడికి తొడిగిందా అని ఒళ్ళు మండిపోయింది. చెప్తే నమ్మరు, సరిగ్గా అలాగే అనుకున్నాడు.

రొప్పుతూ మెట్లెక్కాడు. పైన, పడిపోయిన బురుజు పక్కన, ఆవిడ గోడ మీద కూర్చుని కింద సరస్సుకేసి చూస్తోంది. అడుగుల చప్పుడికి తిరిగింది. ఆయన్ని చూసింది.

ఆ మొహం! పెళ్ళిచూపుల్లో కూడా ఆవిడ మొహం అంత వెలగలేదు.

"వచ్చేశారా!" అని చిన్నపిల్లలా గోడ మీంచి గెంతింది. "నాకు తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు వెనకాలే వచ్చేస్తారని నాకు తెలుసండీ! అయ్యో, ఎలా తడిసిపోయారో చూడండి..."

"ఎక్కడ వాడు?"

"ఎవరు?"

"ఆగాం, తిన్నాం, ఎక్కాం! ఎవరితో? ఉన్నారుగా అన్నావే, ఎవరున్నారు?"

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. చేతిలో కొంగు పట్టుకుని, ఆయన తల తుడవడానికి వస్తూ వస్తూ అలాగే నిలబడిపోయింది. తర్వాత మెల్లిగా కొంగు వదిలేసింది.

"మీరేనండీ. మీరు ఉన్నారుగా అన్నాను."

ఆయన కళ్ళజోడు తీసి తడి తుడుచుకున్నాడు.

"ఈ యేడూ మీరు రారని తెలిశాక, పోనీ మనిషి రాకపోతే మాటలోనైనా రానీ అనుకున్నాను. మీకో టీ చెప్పాను, అదీ నేనే తాగాను. చలేస్తుందని మీ స్వెటర్ తెచ్చాను. ఒక్కదాన్నే వచ్చానని నాకు ఒక్క పూటైనా అనిపించలేదు." మొహం సరస్సుకేసి తిప్పుకుంది. "ఇందాకటి దాకా."

అప్పుడు చూశాడు ఆయన, ఆ కోట ఖాళీగా ఉందని. సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిపోయిందే" అన్నాడు. "సరే, వచ్చేశాగా. పద, మిగతావన్నీ మనిద్దరం కలిసి చూద్దాం."

ఇన్నేళ్ళుగా ఆవిడ వినాలని ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు విని ఊరుకుంది. ఇద్దరూ కిందికి దిగారు. ఆవిడ కారు తలుపు తీసి, స్వెటర్ ఆయన చేతికిచ్చి, పక్క సీటు నిటారుగా లేపి, దాని మీద తన సంచీ పెట్టుకుంది.

"వానలో స్కూటర్ జాగ్రత్తండీ" అంది. కారు కదిలింది.

మర్నాటి సాయంత్రం, ఇంట్లో ఆ నిఘంటువు ముందు కూర్చుని ఉండగా ఫోను మోగింది. మాట తప్పే మనిషి కాదావిడ.

"పెద్ద సరస్సు దగ్గరికి చేరాను. భోంచేశాను. ఇక పడుకుంటాను."

"ఎప్పుడొస్తావే?"

"చూస్తాను."

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఫోను పక్కన పెట్టి ప్రూఫులాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.