చక్రం ఆగేదాకా

రొయ్యల మేత కంపెనీవాళ్లు తమ దగ్గర కొనే రైతుల్ని యూరప్ తీసుకుపోతామంటే మా ఆయన వద్దనే అన్నాడు. నేనే పట్టుబట్టాను. కోటల మీద మోజుతో కాదు, ఆయన్ని నిద్రపుచ్చాలని.

అల్లూరు దగ్గర మావి రొయ్యల గుంటలు. వాటిలో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ చక్రాలు రాత్రంతా నీళ్లు చిమ్ముతూ తిరగాలి. కరెంటు పోయి అవి ఆగాయంటే గాలాడక రొయ్యలు పైకి తేలతాయి, తెల్లారేసరికి పంట ఉండదు. అందుకే మావైపు రొయ్యల రైతులు ఆ చప్పుడులోనే నిద్రపోతారు, చప్పుడు ఆగితే లేస్తారు. మా ఆయన ఇంకా ఘనుడు. ఆగుతుందేమోనని ముందే లేచి కూర్చుంటాడు. ఎండలు ముదరకముందే ఓ రోజు గట్టు మీద కళ్లు తిరిగి గుంటలో పడ్డాడు. నెల్లూరు డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "జబ్బేం లేదమ్మా, నిద్ర లేదు. ఇట్టాగే ఉంటే ఈసారి పడినాయన లేవడు" అన్నాడు. గుంటలు మా తమ్ముడు పెంచలకృష్ణకు అప్పజెప్పి విమానం ఎక్కించాను.

ఫ్రాన్స్‌లో ఆయన ఆ కాస్త కునుకు కూడా తీయలేదు. మమ్మల్ని దించిందంతా పల్లెల్లో, పాతకాలపు రాతి ఇళ్లల్లో. కుక్క కూడా అరవదు. తోటివాళ్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోతుంటే ఈయన కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో గుంటల కెమెరా చూసుకునేవాడు.

"ఏందయ్యా, పడుకోరాదా?"

"నా వల్ల కాదే. ఈ నిశ్శబ్దం చూస్తే యాడో ఏదో సచ్చిపోయినట్టుండాది."

పగలేమో చర్చిలు, కోటలు. ఒక చర్చి కప్పు చూసి మెడ దించేలోపల ఇంకో చర్చి. అన్నీ వందల ఏళ్లనాటివేనట. నా కాళ్లు కూడా అంతే వయసు మీరినట్టు పీకేవి. కంపెనీ తరఫున మాతో వచ్చిన రూఫస్ చిన్న జెండా ఊపుతూ, "ముత్యాలయ్యన్నా, ఇట్టా రాన్నా, ఫోటో!" అనేవాడు. ఫోటోల్లో మాత్రం మా ఆయన కళ్లు మూసేవాడు. మంచం మీద మూయడమే ఆయనకు చేతకాదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం బస్సు కిటికీలోంచి ఒక కోట కనిపించింది. గుట్ట మీద ఒంటరిగా, చుట్టూ పచ్చటి గోధుమ చేలతో ఉంది. అన్ని రోజుల్లో అదొక్కటే నాకు నచ్చింది. ఆ బురుజెక్కి నాలుగు దిక్కులూ చూడాలని చిన్నపిల్లలా ఆశపడ్డాను.

బస్సు గుట్ట కింద వాగు పక్కన ఆగింది. అక్కడొక పాత పిండిమర. వాగు నీళ్లకు దాని చెక్క చక్రం తిరుగుతోంది. చక్రం రెక్కలు నీళ్లను టపటపా కొడుతున్నాయి. మా ఆయన దిగీదిగగానే నిలబడిపోయాడు.

"మన ఏరియేటర్ మాదిరే ఉందే," అంటూ బెంచీ మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చుని చెప్పు సరిచేసుకునేలోపల ఆయన తల నా భుజం మీదికి వాలింది. గుర్రు మొదలైంది.

"అక్కా, అన్నను లేపక్కా. కోట మూసేస్తారు," అన్నాడు రూఫస్.

"లేపినావంటే మర్యాదగా ఉండదు."

"పోనీ నువ్వన్నా రా అక్కా."

కోట వైపు చూశాను. వెళ్లాలని లేదంటే అబద్ధం. కానీ భుజం తీస్తే ఆ తల ఎక్కడ పెట్టను? రానన్నాను. అందరూ మాట్లాడుకుంటూ పైకి పోతుంటే ఏడుపొచ్చింది. కోపమో, ఆయన మొహంలో కనిపించిన అలసటో, ఏదని చెప్పను? ఇంత అలసిన మనిషితో పడుకోమని ఇన్నాళ్లూ పోట్లాడానా అనిపించింది.

ఎండ వాలాక మర చూసుకునే ముసలమ్మ బయటికొచ్చింది. వాగు తూము దగ్గర పలక మీద చెయ్యి వేసింది. మా కాలవ తూములకూ అలాంటి పలకలే. అది దించితే నీళ్లు ఆగుతాయి, చక్రం ఆగుతుంది. గబగబా చేతులు జోడించి, ఈయన్ని చూపించి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని సైగ చేశాను. ఆమె ఈయన్ని ఎగాదిగా చూసి, పలక వదిలేసి గడప మీద కూర్చుంది. మాకు ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరం ఈయన గుర్రు వింటూ కూర్చున్నాం.

చీకటి పడబోతుండగా లోపలినుంచి ఎవరో ఆమెను కేకేశారు. ఆమె నావైపు చూసి పాపం తల అడ్డంగా ఊపింది. పలకను మెల్లగా, చప్పుడు కాకుండా దించింది. చక్రం నీళ్లు కారుస్తూ ఇంకాస్త తిరిగి ఆగిపోయింది.

"కిష్టా, జనరేటర్ ఎయ్యరా!"

మా ఆయన ఒక్క ఉరుకున లేచి వాగు మీదికి పరుగెత్తాడు. వెనకనుంచి చొక్కా దొరకబుచ్చుకున్నాను. "మన గుంట కాదయ్యా! ఫ్రాన్సయ్యా ఇది!"

రొప్పుతూ నిలబడ్డాడు. వాగును, చక్రాన్ని, ముసలమ్మను చూశాడు. ఫోన్ తీసి గుంటల్లో అన్నీ తిరుగుతున్నాయని చూసుకున్నాక మనిషి కుదుటపడ్డాడు. గుట్ట దిగి వస్తున్న మావాళ్లు అప్పుడు కనిపించారు.

"అదేనా కోట? నువ్వు పోలేదా?"

"పోయొచ్చినా. నువ్వు పడుకునుంటే."

"ఎట్టుండాది?"

"ఏముండాది, అన్నీ రాళ్లే."

ఆయన నా భుజం వైపు చూశాడు. చొంగ కారి జాకెట్టు చెయ్యి పొడవునా తడిసి ఉంది. జేబులోంచి రుమాలు తీసి తుడిచాడు. ఎంత తుడిచినా అది ఆరలేదు.

"పా, పోదాం," అన్నాడు గుట్ట వైపు తిరిగి.

"మూసేసుంటారయ్యా."

"మూయనీలే. తలుపన్నా చూసొద్దాం, పా."