చెవిన వెయ్యని మాట

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో బుచ్చమ్మ అంటే కిరాయిదార్లకు హడలే. ఒకప్పుడు అక్కడే జొన్నచేలు చేసిన మనిషి. చేలు పోయి అద్దాల మేడలు లేచాయి గానీ, ఆమె గొంతు మాత్రం ఇంకా పొలం గట్టు మీదే ఉంది. మమత, తిరుపతి ఆమె ఇంటి మేడ మీద గదిలో దిగిన రోజున పెట్టిన షరతు ఒక్కటే.

"ఇంట్ల మనిషి పెరిగితే ముందుగాల నా చెవిన ఎయ్యాలె. చుట్టం రానీ, బిడ్డ పుట్టనీ. చెప్పకుంటే మాత్రం నేను మంచిదాన్ని గాదు."

అందులో కష్టమేముంది? నోరు తెరిచి ఓ మాట చెబితే సరిపోయేది. కానీ వీళ్ళు దిగిన నెలకే పక్క గదివాళ్ళు ఖాళీ చేశారు. పది రోజుల పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఆ బాలింత ఆటో ఎక్కుతుంటే మమత మెట్ల మీద నిలబడి చూసింది. పిల్ల పుట్టిందని బుచ్చమ్మ వెళ్ళగొట్టిందని సందంతా చెప్పుకుంది. నిజమేనా అని బుచ్చమ్మను అడిగిన పాపాన ఎవరూ పోలేదు, మమత కూడా పోలేదు.

ఆ గది పోతే ఇద్దరి పనులూ పోయినట్టే. తిరుపతి సెక్యూరిటీ చేసే టవరుకు అక్కణ్ణుంచి నడిచి పోవచ్చు. మమత ఊడ్చి తుడిచే ఆఫీసు ఇంకా దగ్గర. జనగామ దిక్కు నుంచి వచ్చిన జంటకు ఆ చుట్టుపక్కల ఇంకో గది ఎవరిస్తారు? అందుకే మమత నెల తప్పినప్పుడు మొగుడూ పెళ్ళాం సంతోషపడటం మానేసి భయపడ్డారు.

వదులు నైటీ, దాని మీద చున్నీ. ఏడో నెల దాకా అలాగే నెట్టుకొచ్చి, తల్లికి మోకాలి ఆపరేషన్ అని బుచ్చమ్మకు అబద్ధం చెప్పి మమత ఊరికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. ఆమని అని పేరు పెట్టుకున్నారు. మూడు నెలలు నిండగానే పిల్లను తల్లి యాదమ్మ చేతిలో పెట్టి ఒంటిగా బస్సెక్కింది. "రెండు నెలలే అమ్మా, వేరే రూము దొరకంగనే తీస్కపోత" అంది. ఎక్కడి రూము! పిల్ల ఉందనగానే అందరూ తలుపు దగ్గరే మాట తప్పించారు.

ఆ మొదటి వారాల బాధ పగవాళ్ళకు కూడా వద్దు. ఆఫీసులో పని మధ్య రొమ్ములు గడ్డకట్టి సలిపితే, బాత్రూం తలుపు గడియ పెట్టుకుని వాష్‌బేసిన్‌లోకి పాలు పిండేది. మళ్ళీ తనే నీళ్ళు పోసి కడిగేది. ఆ వేళకు ఊళ్ళో ఆమని సీసాపాలు తాగుతూ ఉండేది. పదిహేను రోజులకో ఆదివారం మమత ఊరికి పోయేది. మొదట్లో పిల్ల నవ్వుతూ వచ్చేది. తర్వాత తెల్లమొహం వేసింది. ఆ తర్వాత యాదమ్మ చంక దిగేదే కాదు.

"పసిది గదా, కొత్త చేస్తున్నది" అని యాదమ్మ సర్దిచెప్పేది. కొత్తా! కన్నతల్లి దగ్గర!

ఆమనికి పద్నాలుగు నెలలు నిండాక రేషన్ కార్డు విచారణకని ఒకాయన వచ్చాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగితే, మమత అలవాటుగా ఇద్దరమే అంది. ఆయన చేతిలోని ఫోన్ చూసుకున్నాడు.

"ఈడ ముగ్గురున్నరు గదమ్మా. ఆమని అని పాప. ఏది మరి?"

కార్డులో పిల్ల పేరు ఎక్కించింది తిరుపతే. వాకిట్లో బియ్యం ఏరుతున్న బుచ్చమ్మ చేట కింద పెట్టి లేచింది. ఆయన గేటు దాటగానే మమత ఆమె కాళ్ళ మీద పడిపోయింది.

"అవ్వా, పిల్ల మా అమ్మకాడ ఊర్లనే ఉంటది. ఈడికి తీస్కరాము. జర ఖాళీ చెయ్యమనకు."

"ఖాళీ చెయ్యమని ఎవలన్నరే?"

"పక్క గదోళ్ళను ఎల్లగొడితివి గదా, పిల్ల పుట్టిందని."

"పుట్టిందని గాదే పిచ్చిదానా, చెప్పలేదని! బాలింతను తెచ్చి గదిల పెట్టుకున్నరు, నాకు ఎరుక లేదు. పురుటి మైలున్న ఇంట్లకెల్లి ఎల్లమ్మకు బోనమెత్తుకపోయిన. ముందుగాల చెప్తే మా చెల్లె ఇంటికాడ వండుకునేదాన్ని. గంతే గదా!" ఉన్నట్టుండి ఆమె గొంతు తగ్గింది. "చెప్పమన్న గని కనొద్దన్ననా బిడ్డా? ఆ పసిదాన్ని ఇడిచిపెట్టి ఎట్లున్నవే?"

మమతకు ఏడుపు కూడా రాలేదు. పదకొండు నెలలు! ఎవరూ లాక్కోలేదు, తనే ఇచ్చేసి వచ్చింది. తన మీద తనకు పుట్టిన అసహ్యంతో ఆమెకు బుచ్చమ్మ మొహం చూడబుద్ధి కాలేదు.

మర్నాడే వెళ్ళి పిల్లను తెచ్చుకున్నారు. బస్సులో దారి పొడుగునా గుక్క తిరగని ఏడుపే. గదికి వచ్చాక మూడు రోజులు మమత చేత్తో మెతుకు ముట్టలేదు. తిరుపతి ఎత్తుకుంటే కాసేపు ఊరుకుంటుంది, మమత చేయి చాపితే గోడ వైపు తిరుగుతుంది. బుచ్చమ్మ జావ కాచి తెచ్చి, పిల్లను ఎన్ని విధాలా ఆడించబోయి, ఓడిపోయి కళ్ళొత్తుకుంటూ మెట్లు దిగింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. మమత ఊరికి ఫోన్ చేసింది. అంతా విని యాదమ్మ ఒక ఉపాయం చెప్పింది.

"సంచిల పిల్ల కింద పరిచే నా పాత చీరె ఉన్నది సూడు. ఉతకకుంట అట్లనే కట్టుకో."

మమత కట్టుకుంది. వెలిసిపోయిన నేత చీర, పసుపూ పొగా కలిసిన వాసన. కొంగు తల మీదుగా కప్పుకుని చాప మీద కూచుని చేతులు చాపింది. ఆమని మూలనుంచి చూసింది. పాకుతూ వచ్చి ఒళ్ళోకి ఎక్కి, కొంగులో మొహం దాచుకుని, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి వదిలింది.

"అమ్మా" అంది.

ఆ పిలుపు ఎవరికో మమతకు తెలుసు. అయినా "ఆఁ బిడ్డా" అని పలికింది, గొంతు గుర్తుపడుతుందేమోనని మెల్లగా, యాదమ్మ పలికే తీరున.