గ్లాసు బోర్లిస్తే

బడి మందుల గదిలో ఆయా స్టీలు గ్లాసు కడిగి బల్ల మీద నిలబెట్టింది. పన్నెండింటికి మూడో తరగతిలో అందరూ ‘బొంగరం’ అని పిలిచే పిల్ల వచ్చి మాత్ర మింగి వెళ్లాక దాన్ని బోర్లిస్తుంది. బోర్లించి ఉంటే మాత్ర ఇచ్చినట్టు, నిలబడి ఉంటే ఇవ్వనట్టు. మతిమరుపు మనిషి, ఆ మాత్రం ఏర్పాటు లేకపోతే ఎలా?

పిల్ల నిలకడ కోసం డాక్టరు రాసిన మాత్ర అది. పడకపోతే కాలుగాలిన పిల్లే. రెండు పడితే గుండె దడ పుడుతుందని వాళ్లమ్మ డబ్బా ఇస్తూ ఒకటికి పదిసార్లు చెప్పింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పిల్లను బడి మాన్పించాల్సిందేనని పెద్దమేడం కూడా చెప్పేసింది.

సరిగ్గా పన్నెండింటికి డ్రిల్లు మాస్టారు ముక్కు పగిలిన మరో పిల్లను తీసుకొచ్చాడు. రక్తం, దూది, ఏడుపు. గది నిండా జనం. ఆయా తలెత్తేసరికి పన్నెండున్నర. గ్లాసు నిలబడే ఉంది, అడుగున తడి. మాస్టారు తాగాడా, బొంగరం తాగిందా? మాత్రలు లెక్కపెట్టుకునే అలవాటు ఆమెకు లేదు.

తరగతి గుమ్మంలోకి పరిగెత్తింది.

"మాత్ర వేసుకున్నావా తల్లీ?"

"వేసుకున్నా."

"ఇవాళేనా?"

పిల్ల ఆలోచించింది. "ఏమో! నిన్ననేమో."

సరిపోయాం ఇద్దరికిద్దరం, అనుకుంది ఆయా. ఒక్కచోట కూర్చోదని ఆమెనూ నాలుగో తరగతిలోనే మాన్పించారు. అప్పుడు మాత్రల్లేవు, తొడపాశాలే. ఆ తర్వాత బతుకంతా ఊడవడం, తుడవడం, పెట్టింది వెతుక్కోవడం. తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

రెండోది అవుతుందేమోనని ఆయా మాత్ర ఇవ్వలేదు. టీచరుతో చెప్పి బొంగరాన్ని తన గదికి తెచ్చుకుంది. కట్లగుడ్డలు చుట్టించింది, సీసాలు తుడిపించింది, వరండా చివరిదాకా పరిగెత్తించింది. మధ్యమధ్య మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తన నాడే ఎక్కువ కొట్టుకుంటోంది.

బడి విడిచారు. పిల్ల వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని గెంతుతూ వెళ్లింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయా మాత్రం పెద్దమేడం గదికి నడిచింది.

"మాత్ర ఇచ్చానో లేదో గుర్తు లేదమ్మా. తప్పు నాదే. రేపు రెండుసార్లు ఇచ్చేస్తానేమోనని భయంగా ఉంది."

పెద్దమేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మరి నిన్నెలా ఉంచుకోను? రేపట్నుంచి నర్సును పెడతాను."

"పెట్టండమ్మా. పిల్ల ఉంటుందిగా?"

"ఉంటుందిలే."

ఆయా సంచీ తీసుకుని గేటుదాకా వెళ్లి, చెప్పులు మరిచిపోయి వెనక్కి వచ్చింది. తాళంచెవి మేకుకు తగిలించింది. వెళ్తూ వెళ్తూ గ్లాసు మళ్లీ కడిగింది.

ఖాళీ గదిలో బల్ల మీద, రేపటి మాత్ర కోసం, గ్లాసు నిలబడే ఉంది.