మూడో రోజు

ఎవరిని కదిపినా కంప్యూటర్ కోర్సు పేరు చెప్పే రోజులవి. మైత్రీవనంలో ఏ కోర్సుకైనా మొదటి రెండు రోజులు డెమో. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, పేరు కూడా అడగరు. ఆ రెండు రోజులూ నా అంత తెలివైనది అమీర్‌పేటలోనే ఉండదు. మూడో రోజు సారు ప్రశ్నలు మొదలుపెడతాడు, నేను మాయమవుతాను. అలా ఒరాకిల్, విజువల్ బేసిక్, టెస్టింగ్, అన్నింట్లోనూ మొదటి రెండు పేజీలు నాకు కంఠతా వచ్చు.

సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే మా బాపు మొగిలయ్య మాత్రం, "మా మధులత మూడు కోర్సులు చేసింది" అని షెడ్డులో అందరికీ చెప్పుకుంటాడు. అది విన్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అందుకే జావాకి మూడో రోజు కూడా వెళ్లాను. ఈసారీ పారిపోతే ఇక ఈ మెట్లు ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

"క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా ఏంటి? మీరు చెప్పండమ్మా," అన్నారు కృష్ణమోహన్ సారు నన్నే చూస్తూ.

జవాబు నా నోట్సులో ఉంది, నాలుక చివరా ఉంది. నోరు తెరిస్తే మా ఇంటి యాస బయటపడుతుందని, ముందు వరుసవాళ్లు నవ్వుతారని భయం. ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. నవ్వే అవకాశం నేనెప్పుడిచ్చాను గనక?

"రాదు సార్," అన్నాను.

పక్కనున్న హైందవి టకటకా చెప్పేసింది. నా నోట్సులో ఉన్నదే. నేను సంచి తీసుకుని బయటికొచ్చేశాను.

కింద మెట్ల దగ్గర బాపు నిలబడి ఉన్నాడు, నేను మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని.

"ఎప్పుడొచ్చినవ్ బాపు?"

"గంటైతుంది బిడ్డా."

"మరి పైకి రావద్దా?"

"గీ బట్టలతోని ఎట్లొస్త? అందరు పెద్దోళ్ల పిల్లలుంటరు. నన్ను జూసి నవ్వుతరేమోనని..." చొక్కా మీది నూనె మరకను అరచేత్తో కప్పుకున్నాడు. "క్లాసు అయిపోయిందా?"

ఆయన్ని రావద్దన్నవాళ్లు ఎవరూ లేరు. నన్నూ ఎవరూ పొమ్మనలేదు.

"కాలే బాపు. డబ్బా కోసమే దిగిన," అని అందుకున్నాను.

మళ్లీ పైకెళ్లి క్లాసు తలుపు తోస్తే అందరూ తిరిగి చూశారు.

"సార్, ఇందాక అడిగింది నాకొస్తది," అన్నాను. వస్తది అనే అన్నాను.

"అది అయిపోయిందమ్మా, కూర్చోండి."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ జరిగి చోటూ ఇవ్వలేదు. చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చుని, మూడో పేజీ తెరిచాను.