రైలుకట్ట పక్కన పెరిగిన చెవులు

పాలు పొంగి స్టవ్ మీద పడ్డ చప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్న నాకు వినిపించింది. స్టవ్ పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్న మా ఆయన గణేష్‌బాబుకి వినిపించలేదు. తడి చేతులతో పరిగెత్తుకొచ్చి నేను గ్యాస్ కట్టేస్తుంటే, ఆయన ఫోన్‌లోంచి తలెత్తి నవ్వారు. "ధ్యాస మీద పీహెచ్‌డీ చేస్తున్నావు. పాల మీద మాత్రం ధ్యాస ఉండదేంటి నీకు?"

నాకూ నవ్వొచ్చింది. అదే నా ఖర్మ, ఆయన జోకులకి నాకు నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే గట్టు తుడిచాను.

నిడదవోలులో మా ఇల్లు రైలుకట్టని ఆనుకుని ఉంటుంది. బండి పోతుంటే అలమరలో గ్లాసులు గలగలమంటాయి. పెళ్ళైన కొత్తలో ప్రతి బండికీ ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. మా అత్తగారు రత్నమాణిక్యం గారు అప్పుడే చెప్పారు. "మావాడు ఈ చప్పుళ్ళలో పుట్టి పెరిగాడమ్మాయ్. వాడి చెవులు అలా అలవాటు పడిపోయాయి. పడుకున్నాడంటే ఇంటి మీద పిడుగు పడ్డా వినపడదు. వాళ్ళ నాన్నగారూ అంతే."

ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ కాపురం చేశాను. పావని పుట్టినప్పుడు, ఆపరేషన్ కుట్లు ఆరకముందే, గోడ పట్టుకుని లేచి ఉయ్యాల దగ్గరికి నడిచేదాన్ని. పొద్దున్నే ఆయన ఆవులిస్తూ, "రాత్రి పాప లేచిందా? నాకసలు వినపడనేలేదు" అనేవారు. నాకు టైఫాయిడ్ వచ్చి రాత్రంతా మూలిగినప్పుడూ అదే మాట. కోపం వచ్చేది. వినపడని మనిషి మీద కోపమేంటని వెంటనే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. చెవుల తప్పుకి మనిషిని ఏమంటాం? వినపడీ లేవని మనిషైతే ఏం చేసేదాన్నో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించే అవసరం లేకుండా అత్తయ్యగారు ఆ మాట చెప్పి కాపాడారు.

నా పరిశోధన కూడా ఆ మాటలోంచే పుట్టింది. రోజూ వినే చప్పుడుని కొన్నాళ్ళకి మెదడు పట్టించుకోవటం మానేస్తుంది. అది ఎంతవరకు మానేస్తుందన్నదే నా ప్రశ్న. రాజమండ్రిలో మా ల్యాబ్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి, తలకి తీగల టోపీ తొడిగి, రైలు చప్పుడూ పసిపిల్ల ఏడుపూ మార్చి మార్చి వినిపిస్తాను. మెదడు దేనికి ఉలిక్కిపడిందో తెర మీద గీత లేచి చెబుతుంది. మా వీధి ఆడవాళ్ళని పిలిస్తే పేరంటానికి వచ్చినట్టు తలకి నూనె పట్టించి, జడలేసుకుని, పూలు పెట్టుకుని దిగారు. నూనె తల మీద ఆ తీగలు పనిచేయవు. ల్యాబ్ బాత్‌రూమ్‌లో షాంపూ పెట్టి నేనే అందరికీ తలంట్లు పోశాను. "ఇదేం చదువే తల్లీ, నీళ్ళు పోసే చదువు" అని ఎదురింటి మహాలక్ష్మమ్మగారు ఒకటే నవ్వు.

మగవాళ్ళు మాత్రం దొరకలేదు. అందరికీ పనులే. చివరికి మా ఆయన్నే బతిమాలాను. "నా తలలో ఏమీ లేదని తేలితే ఇంట్లో చెప్పకు" అని, ఆదివారం ఎరువుల కొట్టు మూసి నాతో బండెక్కారు.

మెత్తటి కుర్చీ, చల్లటి ఏసీ. మొదలుపెట్టిన కాసేపటికే ఆయన నిద్రపోయారు. నిద్రపోయినవాళ్ళ రికార్డింగు నా పనికి రాదు, ఆపేయాలి. పాపం, పడుకోనీలే అని ఊరుకున్నాను. అద్దానికి ఇటుపక్క కూర్చుని చూస్తున్నాను. రైలు చప్పుడు వెళ్ళింది. గీత కదల్లేదు. ఇంకో రైలు. కదల్లేదు. అత్తయ్యగారి మాట నిజమేనని ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను, ఆ నిద్రమొహం మీద ప్రేమ కూడా కలిగింది.

తర్వాత ఏడుపు వచ్చింది. అది మా పావని ఏడుపే, ఫోన్‌లో నేనే రికార్డు చేశాను. గీత నిట్టనిలువునా లేచింది. కుర్చీలో ఆయన కళ్ళు తెరిచారు. ఎక్కడున్నారో తెలిసినట్టు లేదు. తల కొద్దిగా ఎడమవైపు తిప్పారు. ఇంట్లో నేను పడుకునేది ఆయనకి ఎడమపక్కన. ఒక్క క్షణం అటు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఆయన చెవులకి పెట్టిన హెడ్‌ఫోన్లలో ఏడుపు మోగుతూనే ఉంది. గీత మెల్లగా కిందికి దిగింది.

"నిద్ర బాగా పట్టేసింది. నాకేం వినపడలేదు" అన్నారు బయటికొచ్చి ఒళ్ళు విరుచుకుంటూ. అబద్ధమాడుతున్న మొహం కాదది. అందుకే నాకు భయమేసింది. ఆయనకి అలవాటైంది రైలు ఒక్కటే కాదు, నేను లేవటం కూడా.

తిరుగు బండి కొవ్వూరు దాటింది. "ఏంటలా ఉన్నావు? సరిగ్గా రాలేదా?" అన్నారు వేరుశనక్కాయలు నా ఒళ్ళో పెడుతూ. "సరిగ్గానే వచ్చిందండీ" అన్నాను.

సాయంత్రం వంటింట్లో కింద కూర్చుని అత్తయ్యగారూ నేనూ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. పావని లోపల పడుకుంది. ఆయన హాల్లో క్రికెట్ చూస్తున్నారు. ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యగారూ, మీ అబ్బాయికి వినపడుతుందండీ. పాప ఏడిస్తే నిద్రలో కూడా వినపడుతుంది. ఇవాళ నా కళ్ళతో చూశాను."

ఆవిడ తలెత్తలేదు. ఒక కాయ ఒలిచారు, ఇంకోటి తీసుకున్నారు.

"తెలుసమ్మాయ్."

"తెలుసా?"

"మీ మావగారికీ వినపడేది. వీడు నెలల పిల్లాడప్పుడు ఓసారి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆయన కళ్ళు తెరిచి నేను లేచానో లేదో చూశారు. లేస్తున్నానని తెలిశాక అటు తిరిగి పడుకున్నారు. రైళ్ళ మాట నేనే పుట్టించాను." ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. "వినపడీ లేవలేదని తెలిసిన మొగుడికి పొద్దున్నే కాఫీ ఎలా ఇస్తావు చెప్పు? వినపడలేదనుకుంటే ఇవ్వొచ్చు. అందుకే నీకూ అదే చెప్పాను."

ఆవిడ మీద నాకు కోపమొచ్చింది. ఆ వెంటనే, ఇన్నేళ్ళూ ఒక్కతే ఆ మాట కడుపులో దాచుకుని కాఫీలిచ్చిన మనిషి అని గుండె నీరైపోయింది. చేతిలో ఉన్న కాయ ఒలిచాను.

లోపల పావని లేచి ఏడుపందుకుంది. హాల్లో టీవీ చప్పుడు ఏమీ తగ్గలేదు. అత్తయ్యగారు అలవాటుగా నేల మీద చెయ్యానించి లేవబోయారు. ఆ చేతి మీద చెయ్యేసి ఆపాను. నా కాళ్ళు కూడా లేవబోతున్నాయి, వాటిని ఆపటమే ఎక్కువ కష్టమైంది. పిల్ల ఏడుపు పెరిగింది.

"ఏవండీ," అన్నాను కూర్చున్నచోటు నుంచే, గొంతు పెంచకుండా. "పావని ఏడుస్తోంది. మీకు వినపడుతోంది."