బిందు కాగితంలో రెండో చేతిరాత

నేను మా ఊళ్లో పాలకేంద్రం నడుపుతాను. పొద్దున్న ఐదింటికి గేదెలవాళ్లు పాలు తెస్తారు. పాలల్లో నీళ్లు కలిశాయేమో తెలియడానికి లాక్టోమీటరు ముంచుతాను. అది ఎంత చూపిస్తే అంత రాస్తాను. ముప్ఫై ఏళ్లుగా మనిషి ముఖం చూసి పాలు కొలిచింది లేదు.

కరోనా ఏడాది బడి మూశారు. ఫోనులో పాఠాలన్నారు. ఊరంతా వెతికితే అలాంటి ఫోనులు తొమ్మిది. సిగ్నలు కోసం పిల్లలు నీళ్ల ట్యాంకు మెట్లెక్కి కూర్చునేవారు. ఒకడు జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాక అదీ ఆగిపోయింది.

అప్పుడు జానకిరామయ్య మాస్టారు నాకు ఫోను చేశాడు. మా పిల్లలు వెళ్లే హైస్కూలు చీపురుపల్లి దారిలో ఉంది. ఆయన అక్కడ లెక్కలు చెబుతాడు. ఏ బండినీ ఊళ్లోకి రానివ్వని రోజుల్లో కూడా పాలవ్యానును ఎవరూ ఆపలేదు. సాయంత్రం ఖాళీ కేన్లతో ప్రశ్నల కాగితాలు పంపిస్తాననీ, పొద్దున్న పాలతో జవాబులు పంపమనీ అడిగాడు. దిద్దినవి మళ్లీ సాయంత్రం వస్తాయి. సరే అన్నాను. యూరియా సంచి ఒకటి కడిగి ఆరేశాను.

రెండు నెలలు అలాగే సాగింది. పాలు పోసినవాళ్లు పిల్లల కాగితాలూ ఇచ్చేవారు. సంచిలో వేసి, వ్యానులో కేన్ల మధ్య పెట్టేవాణ్ణి. దిద్దినవి పంచేముందు చదివేవాణ్ణి. చదవొద్దని నాకెవరూ చెప్పలేదు.

అందరికన్నా ఆఖరున వచ్చేది జగ్గమ్మ. ఇల్లు ఊరి చివర. ఆవిడ పాలమీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఆవిడ మొగుడు గంగులుకి ఆటో ఉంది. మూడేళ్ల కిందట నా భార్య కాంతానికి గుండెనొప్పి వచ్చిన రోజు, ఆటోలో ఆయిలు లేదన్నాడు. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

వాళ్ల కూతురు బిందు ఎనిమిది పూర్తిచేసింది. ఆ పిల్ల రాత సన్నగా, ఎడమకి వాలి ఉంటుంది. దిద్ది వచ్చిన కాగితంలో మాత్రం మధ్యమధ్య మూడేసి వరుసలు గుండ్రంగా ఉన్నాయి. వాటి కింద నీలం మరకలున్నాయి, చెరిపి రాసిన గుర్తులనుకున్నాను. ఆ గుండ్రటి రాత మాస్టారిది. మార్కుల పక్కన ఆయన రాసే మాటలు అదే రాతలో ఉంటాయి. నాలుగు కాగితాలు దాచి పక్కపక్కన పెట్టి చూశాను. నాలుగింటిలోనూ అంతే. మిగతా పిల్లల కాగితాల్లో ఎక్కడా లేదు. ఈ పిల్లకే మాస్టారు జవాబులెందుకు రాస్తాడు? మంచి కారణం ఒక్కటీ తట్టలేదు.

అదే వారం బొబ్బిలిలో ఒక ట్రస్టు నడిపే హాస్టలు బడి నుంచి కబురొచ్చింది. తొమ్మిదో తరగతికి మా హైస్కూలు నుంచి ఒక్కరిని ఉచితంగా చేర్చుకుంటారు. ప్రవేశపరీక్ష లేదు. ఇంటి దగ్గర రాసిన జవాబు కాగితాలే చూస్తారు. బడివాళ్లు బిందు పేరు రాశారు.

నేను నాలుగు కాగితాలూ జతచేసి హెడ్మిస్ట్రెస్ ప్రసూనాంబగారికి ఫిర్యాదు పంపాను. కింద నా పేరు రాశాను. ఆవిడ బిందు పేరు కొట్టేసింది.

మరునాడు పొద్దున్నే జగ్గమ్మ వచ్చి పాలకేంద్రం ముందు నిలబడింది.

"నా పిల్ల పేరు కొట్టీసినారట. కాయితం ఎవులు ఎట్టినారు?"

"నేనే."

"ఏటి తప్పు సేసినాది అది?"

"జవాబులు వేరేవాళ్లు రాశారు."

"నిన్నటిదాకా నా పాలల్లో నీళ్లన్నావు. ఇప్పుడు నా పిల్ల రాతలోనా? నీకు నీళ్లు తప్ప ఇంకేటీ కనిపించవేటి సావుకారూ?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను తరవాతి చెంబులో లాక్టోమీటరు ముంచాను.

ఆ మధ్యాహ్నం మాస్టారు సైకిలు మీద వచ్చాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఒక కాగితం నేలమీద పెట్టి వెనక్కి జరిగాడు. తీసి చూశాను. బిందుది. సగం అక్షరాలు పాలలో కరిగి నీలం మరకలయ్యాయి.

"పొద్దున్న వచ్చిందండీ ఇది. జెల్ పెన్ను రాత తడికి ఆగదు. కింద పెన్ను ఒత్తిన గీతలు కనిపించినంత మేరా వాటి మీదే మళ్లీ రాసేవాణ్ణి. మేడమ్‌గారికి ముందే చెప్పకపోవడం నా తప్పు."

"ఎప్పుడూ ఈ పిల్ల కాగితమే ఎందుకు తడుస్తుంది?"

"నాకేం తెలుసు? సంచి సర్దేది మీరు."

ఆయన మాట నేను నమ్మలేదు. మరునాడు పొద్దున్న బిందు కాగితాన్ని సంచి మధ్యలోకి దూర్చాను. దాని చోట పైన, జెల్ పెన్నుతో నా పేరు నిండా రాసిన కాగితం పెట్టాను. సంచి ఎప్పటిలాగే కేన్ల మధ్య పెట్టి, నేనూ వ్యానెక్కాను. రైలుగేటు పట్టాల మీద వ్యాను ఎగిరింది. కేను మూత పక్కనుంచి పాలు చిమ్మి సంచి నోట్లో పడ్డాయి.

బడి దగ్గర దిగి చూశాను. నా పేరు లేదు. మరక ఉంది. బిందు కాగితం పొడిగా ఉంది. అందరికన్నా ఆఖరున వచ్చి సంచిలో పైన ఉండేది ఆ పిల్ల కాగితమే. రెండు నెలలుగా దాన్ని పాలకింద పెట్టింది నేనే.

లోపలికి వెళ్లి ప్రసూనాంబగారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీ ఫిర్యాదు మీద కొట్టేశాను. ఇప్పుడు మీ నోటిమాట మీద మళ్లీ రాస్తే, రేపు మీలాంటివాళ్లే ఇంకొకరు ఫిర్యాదు పెడతారు," అంది.

"మరేం చెయ్యమంటారు?"

"కొత్త ప్రశ్నలిస్తాను. ఆ పిల్ల మీ కళ్లెదుట రాయాలి. కింద మీరే సంతకం పెట్టాలి. ఇవాళ నాలుగింటికి జాబితా పంపేస్తాను."

వ్యాను సాయంత్రం వరకు తిరిగి రాదు. మాస్టారి సైకిలు అడిగి తీసుకున్నాను. ఆరు కిలోమీటర్లు.

పాలకేంద్రం బల్లమీద బిందు రాయడం మొదలుపెట్టింది. జగ్గమ్మ గుమ్మంలో నిలబడింది.

"రాయే, రాయి. సావుకారు నిన్ను ముంచి సూత్తాడు."

నేను బల్ల మీదికి వంగాను. పిల్ల చేతిమీద నుంచి చూపు తిప్పలేదు.

"తాతా, కొంచెం జరుగు," అంది బిందు తలెత్తకుండా. "నీ నీడ కాయితం మీద పడతన్నాది."

జరిగాను. రెండు గంటలు రాసింది. ఒక లెక్క కొట్టేసి మళ్లీ చేసింది. ఎవరినీ అడగలేదు, ఎటూ చూడలేదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు అదే సన్నటి రాత, అదే ఎడమవాలు.

పెన్ను తీశాను.

"సదివి ఎట్టు సంతకం. మళ్లీ అనుమానం వస్తాది," అంది జగ్గమ్మ.

చదివాను. రెండు లెక్కలు నాకు అర్థం కాలేదు. సంతకం పెట్టాను.

"తప్పు నాది," అన్నాను.

"తెలుసు," అంది.

కాగితం చొక్కాలోపల పెట్టుకుని సైకిలెక్కాను. మూడున్నరకి బడిలో ఇచ్చాను. నా ముందే బిందు పేరు మళ్లీ రాశారు. హాస్టలు తెరిచిన నెలలోనే ఆ పిల్ల బొబ్బిలి వెళ్లింది.

జగ్గమ్మ మాత్రం ఆ మరునాటి నుంచే పాలు ప్రైవేటు డైరీవాడికి పోయడం మొదలుపెట్టింది. వాడిది దొంగకొలతని ఊరంతటికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.